కోటిని ఎవరూ అడగని మాట

కూర్మన్నపాలెం,
జూలై 7.

సూర్యకళక్కకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా నేను నోరు తెరవగానే కట్ చేస్తావు. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశావని నీ కూతురే చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో కట్ చేయలేవు కదా. చేపలమ్మే చిట్టమ్మ పిన్ని రోజూ మా వైపు వస్తుంది, ఆవిడ గంపలో పంపుతున్నాను. నీచు వాసన వస్తే నన్ను తిట్టకు.

మన తమ్ముడు కోటి పోయి నెల కూడా తిరగలేదు. మొన్న ఆదివారం అమ్మని చూద్దామని వస్తే గుమ్మం బయట చెప్పుల గుట్ట. లోపల దేవుడి మూల అమ్మ జుట్టు విరబోసుకుని ఊగుతోంది. పేటలో ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. వాళ్ళలో మన పైడితల్లి చేతులు జోడించి, 'కోటిబాబూ, మా ఆయన ఏటకెల్తన్నాడు, సేపలు పడతాయేటి?' అని అడుగుతోంది. అమ్మ మగ గొంతుతో జవాబు చెబుతోంది. నాకు అసహ్యమేసింది. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? బతికుండగా వల విప్పమంటే విసుక్కునేవాడు. ఇప్పుడు సముద్రంలో చేప ఎక్కడుందో వాడే చెబుతాడట.

పూనకం దిగాక అమ్మ లేచి, ముఖం కడుక్కుని, అన్నం పెట్టుకుని, పులుసు పోసుకుని శుభ్రంగా తింది. నేను ఏడుస్తుంటే కసిరింది. 'ఎందుకే ఏడుపు? ఆడెక్కడికెల్నాడు? ఇక్కడే ఉన్నాడు' అంది. ఇరవై ఏళ్ళ కొడుకు పోతే కన్నతల్లి ఒక్క చుక్క రాల్చలేదు. మీరంతా కలిసి ఆవిడకి ఏడుపు కూడా లేకుండా చేశారు.

అదొక్కటే అయితే ఊరుకుందును. ఎస్సై వచ్చి అడిగితే అమ్మ 'ఎవుల మీదా అనుమానం నేదు' అని వేలిముద్ర వేసిందట. ఎందుకమ్మా అంటే, 'ఎవుల తప్పూ నేదని కోటే సెప్పేడు' అంటుంది. అక్కా, నేను బళ్ళో పిల్లలకి సైన్సు చెబుతాను. వేసవిలో వేట నిషేధం ఉన్నన్నాళ్ళూ మీ బోటులో చేపలు దాచే ఐసు గది మూత వేసే ఉంది. అడుగున పాత నీళ్ళు, కుళ్ళిన చేప ముక్కలు. మూత తీసి ఒక పూటన్నా గాలి ఆడనివ్వకుండా అందులోకి దిగితే ఆ విషవాయువుకి ఏ మనిషీ బతకడు, కోటీ అలాగే పోయాడు. హార్బర్‌లో పుట్టి పెరిగిన నీ మొగుడికి ఇది తెలియదా? బోటు ఆయనది. దిగమని ఎవరో చెప్పారు. వాడంతట వాడు దిగే రకం కాదు, ఏ పనైనా పదిసార్లు చెప్పించుకునే రకం.

అమ్మ మళ్ళీ వెళ్ళి అనుమానం ఉందని చెబితే తప్ప కేసు కదలదని ఇక్కడొక లాయరు అన్నాడు. నువ్వు పెద్దదానివి, నీ మాట వింటుంది. కేసు సంగతి తర్వాత, ముందు వాడు చచ్చిపోయాడని అమ్మకి చెప్పు.

దుర్గ

*

పెద జాలరిపేట,
జూలై 19.

దుర్గకి,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్ళీ నేనే ముక్కలు ఏరుకున్నాను, నీకు దేనికి ఏం జవాబు చెప్పాలో మర్చిపోకుండా.

నీకు అసహ్యమేసిందా? మీ మామగారి తద్దినానికి నువ్వు మడి కట్టుకుని గారెలు వండలేదూ? మీ అత్తగారు కామేశ్వరిగారు విస్తరి వేయించి, పైలోకంలో ఉన్న మొగుడికి పప్పూ నెయ్యీ వడ్డించలేదూ? అక్కడ నోరెత్తావా? గోదావరి వాళ్ళ ఇంట్లో చచ్చినవాళ్ళు వచ్చి తింటే అది ఆచారం, మన జాలరోళ్ళ ఇంట్లో వచ్చి మాట్లాడితే అది పిచ్చి. స్టీల్ ప్లాంటు ఉద్యోగస్తుణ్ణి చేసుకుని అటు వెళ్ళావో లేదో, నీకు మా దగ్గర నీచు వాసన తెలిసొచ్చింది.

పదో రోజు భోజనాలు కాగానే బస్సెక్కేశావు. ఆ తర్వాత అమ్మ సంగతి నీకేం తెలుసు? గోడవైపు తిరిగి పడుకుంది. మంచినీళ్ళు పోస్తే నోటి పక్కనుంచి కారిపోయేవి. ఒకరోజు నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి మంచం మీద లేదు. పేటంతా వెతికితే చివరికి హార్బర్‌లో మా బోటు మీద దొరికింది. ఆ గది మూత తీసి, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంది. చూసినదాన్ని నేను, నువ్వు కాదు.

ఆ సాయంత్రమే వాడు మొదటిసారి వచ్చాడు. నేను దీపం పెడుతున్నాను. వెనకనుంచి 'పెద్దక్కా, ఆకలేస్తంది' అన్నాడు. అగ్గిపుల్ల వేలి దాకా కాలినా నాకు తెలియలేదు. అది అమ్మ గొంతు కాదు దుర్గా. అన్నం కలిపి పెట్టాను. అమ్మ చేత్తో తిన్నాడు. ఆ పూట నుంచే అమ్మ తింటోంది. నువ్వు సైన్సు చదివావు కదా, నీ సైన్సు ఆవిడ చేత ఒక్క ముద్ద తినిపించగలిగేదా?

మన పేటలో ఇదేమన్నా కొత్తా? బిడ్డని పోగొట్టుకున్న తల్లి మీదికి ఆ బిడ్డే వచ్చి నలుగురికీ మంచీ చెడూ చెప్పడం నువ్వు చూడలేదూ? నీకు చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే పక్కింటి రాణివాళ్ళ అమ్మమ్మ మీదికి వచ్చిన పసివాడే నిన్ను ఆస్పత్రిలో పడెయ్యమన్నాడు. అప్పటికింకా బతికున్న నాన్న ఆ మాట వినే కదిలాడు. లేకపోతే నువ్వు ఈ ఉత్తరాలు రాయడానికి ఉండేదానివి కావు.

ఇక మీ బావ సంగతి. ఆయన ఆ టైముకి ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఉన్నాడు. అదే చెప్పాడు, నాకది చాలు. వాడు కుర్రాడు, చూసుకోకుండా దిగాడు. ఎవరి తప్పూ లేదని పోయినవాడే అన్నాక మధ్యలో నువ్వెవరు? నాకు ఇద్దరు పిల్లలున్నారు. నీ లాయరుతో వచ్చి నా కాపురం ముంచకు.

సూర్యకళ

*

కూర్మన్నపాలెం,
ఆగస్టు 2.

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందు మా అత్తగారు చదివింది. చిట్టమ్మ పిన్ని చేపల పొట్లంతో పాటు ఆవిడ చేతికే ఇచ్చేసింది మరి. చదివి కోప్పడుతుందనుకున్నాను. వంటింట్లోకి వచ్చి మెల్లిగా, 'మీ తమ్ముణ్ణి ఒక మాట అడుగుతావుటే? మా నరసింహమూర్తిగారు అక్కడేమైనా కనిపించారేమో' అంది. నాకు నవ్వాలో, అట్లకాడ విసిరికొట్టాలో తెలియలేదు. దోసె తిప్పాను.

గారెలు వండానన్నావు. వండాను. నమ్మి కాదు, ఆవిడ ముఖం చూసి. కానీ ఒకటి విను. మా మామగారు డెబ్బై ఏళ్ళు బతికి గుండెపోటుతో పోయారు. ఆయన్ని ఎవరూ గదిలోకి దించలేదు. ఆయన పైలోకంలో ఉన్నారనుకుంటే ఎవరికీ నష్టం లేదు. కోటి ఉన్నాడనుకుంటే మాత్రం ఒకడికి బోలెడు లాభం. వాడు పోనేలేదు, వారం వారం వస్తున్నాడు, కబుర్లు చెబుతున్నాడు. ఇక ఎవరు పోయారని, ఎవరు చంపారని ఎవరడుగుతారు? ప్రతి ఆదివారం బావ ముందు వరసలో కూర్చుని కొబ్బరికాయ కొడుతున్నాడట కదా, చిట్టమ్మ పిన్ని చెప్పింది. మనిషిని పోగొట్టి ఒక్క కొబ్బరికాయతో చేతులు కడుక్కునే వీలు బతికున్నవాళ్ళ దగ్గర దొరకదు, చచ్చినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది.

నాకు రోజూ ఒళ్ళు మండిపోతోంది. బళ్ళో పిల్లల మీద అరుస్తున్నాను. మీ మరిది శివరామకృష్ణతో పాలప్యాకెట్టు కోసం కూడా గొడవే. వాడు ఎక్కడా లేడు అక్కా. ఏ లోకంలోనూ లేడు. లేడు కాబట్టే నాకింత కోపం. నువ్వు ఉన్నాడనుకుని సుఖంగా ఉన్నావు.

వచ్చే ఆదివారం వస్తాను. వాణ్ణి ఒకటి అడుగుతాను. నేను పెళ్ళి చేసుకుని వెళ్ళిన రోజు బస్సు కిటికీలోంచి వాడు నా చేతిలో ఒకటి పెట్టాడు. అదేమిటో వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పమను. చెప్పలేకపోతే ఆ దీపాలన్నీ ఆర్పేసి అమ్మని నాతో తీసుకొచ్చేస్తాను.

దుర్గ

*

పెద జాలరిపేట,
ఆగస్టు 7.

దుర్గకి,

తమ్ముడికి పరీక్ష పెడతావన్నమాట. పంతులమ్మవి కదా, పెట్టు. రా.

నేను లోపల ఉండను. నాకు నెలసరి రోజులు, దేవుడి మూలకి రాకూడదు. మీ బావ ఉంటాడు. మర్యాద తప్పితే ఊరుకోను. సుఖంగా ఉన్నానని రాశావు. నువ్వు ఫోన్లో అరిచిన రోజుల్లో నాకు రాత్రి అన్నం సయించేది కాదు, ఆ ముక్క కూడా తెలుసుకుని రా.

ఉత్త చేతులతో రాకు. వాడికి కొబ్బరి బిస్కెట్లంటే ఇష్టం, నీకు గుర్తుందో లేదో.

సూర్యకళ

*

పెద జాలరిపేట,
ఆగస్టు 13.

దుర్గా,

ఆదివారం నువ్వు మా ఇంటికి రాకుండానే వెళ్ళిపోయావు. మీ బావ వచ్చి చొక్కా అయినా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. ఏమైందంటే, 'మీ అమ్మకి మతి పోయింది. సచ్చినోలు మాటాడతారేటి?' అన్నాడు. మొన్నటిదాకా పళ్ళెంలో పూలు సర్ది నన్ను తొందరపెట్టిన మనిషి. ఇప్పుడు వచ్చే వారం నుంచి అక్కడ ఎవరూ కూర్చోకూడదు, పరువు పోతోంది అంటున్నాడు.

పైడితల్లిని అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. రాణి ఒకలా చెబుతోంది, వాళ్ళ అత్త ఇంకోలా చెబుతోంది. అమ్మని అడిగితే తనకేమీ గుర్తులేదంటుంది. ఎప్పుడూ అంతే కదా.

వాడు ఏమన్నాడు? ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు నీ మాటే కావాలి. నువ్వు వాణ్ణి నమ్మవు, కాబట్టి వాడి పేరు చెప్పి అబద్ధం ఆడవు. చిట్టమ్మ పిన్ని రేపు కూడా అటు వస్తుంది, ఆవిడ చేతికే ఇవ్వు.

సూర్యకళ

*

కూర్మన్నపాలెం,
ఆగస్టు 14.

అక్కా,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. చదివాక నన్ను ఏమైనా అను.

బిస్కెట్ ప్యాకెట్టు ముందు పెట్టాను. అమ్మ దాన్ని లాక్కుని పంటితో చింపింది. వాడు అలాగే చింపేవాడు. ఇరవై ఏళ్ళు పెంచిన తల్లికి ఆమాత్రం తెలియదా అనుకున్నాను. బావ నా పక్కనే కొబ్బరికాయ పట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు ఎప్పటిలాగే బాగున్నావా బాబూ, ఏం కావాలి బాబూ అని అడుగుతున్నారు. నా వంతు వచ్చింది. బస్సు కిటికీ సంగతి అడగడానికి నోరు తెరిచాను.

అమ్మ చెయ్యి చాపి, వాడు ఎప్పుడూ కొట్టినట్టే, నా చెవి మీద వేలితో టప్పున కొట్టింది. 'నల్లబడిపోనావు సిన్నక్కా' అంది.

అక్కా, ఆ తర్వాత నాకు పరీక్షా లేదు, సైన్సూ లేదు. అమ్మ భుజాలు రెండూ పట్టుకుని కుదిపేశాను. ఇన్నాళ్ళూ బళ్ళో కూడబెట్టుకున్న భాషంతా పోయి నా నోట మన పేట మాటే వచ్చింది. 'ఒరే సోమరెదవా, నీల్ల బింది దించమంటే దించనోడివి, ఆ గదిలోకెందుకు దిగేవురా? నీకెవుడు దిగమన్నాడు?' అన్నాను. ఇన్ని వారాల్లో వాణ్ణి ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చేపలు అడిగారు, పెళ్ళిళ్ళు అడిగారు, మోకాళ్ళ నొప్పులు అడిగారు.

అమ్మ ఊగడం ఆగిపోయింది. నా వైపు చూడలేదు. బావ వైపు చూసింది.

'బావ దిగమన్నాడు' అంది. చిన్నపిల్లాడిలా, 'బావ సెప్తే దిగనేటి?' అంది.

అంతే, పక్కకి ఒరిగిపోయింది. బావ ముఖం దొంగకి తేలు కుట్టినట్టయింది. కొబ్బరికాయ అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఒక్కరు కూడా ఆపలేదు.

నేను కోరుకున్న మాట వచ్చింది. ఇప్పుడు నువ్వడుగుతావు, మరి నమ్ముతావా అని. నమ్మను. తప్పు లేదన్నప్పుడు అమ్మ నటన, తప్పుందన్నప్పుడు తమ్ముడి మాట అంటే నాకూ బావకీ తేడా ఏముంది? అమ్మకి ఎవరో చెప్పి ఉంటారు. ఆ రోజు బోటు మీద పైడితల్లి మొగుడు తిరుమలరావు ఉన్నాడు కదా. తిన్నగా వాళ్ళింటికే వెళ్ళి అడిగాను. 'నాను ఎవులికీ సెప్పలేదమ్మా' అన్నాడు. చెప్పలేదన్నాడు కానీ తెలియదనలేదు. బహుశా అమ్మకి మొదటినుంచీ తెలుసేమో. తన నోటితో అంటే నీ కాపురం పోతుందని మింగి కూర్చుందేమో. నాకు తోచింది ఇదే.

ఇంటికి రానందుకు కోప్పడకు. నీ ముఖం చూసి ఈ మాట చెప్పలేక బస్సెక్కాను.

దుర్గ

*

పెద జాలరిపేట,
ఆగస్టు 30.

దుర్గకి,

నీ ఉత్తరం మీ బావ ముందు పెట్టాను. చదవలేదు. 'దాన్ని నమ్ముతావా, నన్ను నమ్ముతావా?' అన్నాడు. నేను నమ్మేది దాన్ని కాదు, నా తమ్ముణ్ణి అన్నాను. 'ఇన్నాళ్ళూ ఆడి మాట నమ్మమన్నది నువ్వే కదా. తప్పు నేదన్నప్పుడు తమ్ముడు, నీ పేరు సెప్పినప్పుడు మా అమ్మ పిచ్చీనా?' అని అడిగాను. పెళ్ళయ్యాక ఆయనకి ఎదురుగా నిలబడి మాట్లాడటం అదే మొదలు.

చివరికి జరిగింది చెప్పాడు. ఐసు బండి వచ్చేసిందట. మూత అప్పుడే తీశారట. కోటి వాసనొస్తోంది బావా, కాసేపాగుదాం అన్నాడట. 'దిగరా, ఏటీ అవదు' అన్నానని ఒప్పుకున్నాడు. అన్నాకే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడట, అది అబద్ధం కాదట. నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు. ఆ ఏడుపు ఆ రోజు హార్బర్‌లో ఏడ్చి ఉంటే వేసేదేమో.

పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. కులపెద్దలు వచ్చారు, ఇంటి సంగతి ఇంట్లోనే తేల్చుకోండి అన్నారు. అమ్మ వినలేదు. బుధవారం నాతో స్టేషన్‌కి వచ్చి ఎస్సై ముందు కూర్చుంది. ఎవరు చెప్పారమ్మా నీకు అని ఆయన అడిగాడు. కోటి పేరు ఎత్తుతుందని నేను హడలిపోయాను. ఎత్తలేదు. 'నా అల్లుడే దిగమన్నాడు బాబూ. తిరుమలరావుని పిలిసి అడగండి' అంది. తన సొంత గొంతుతోనే అంది. తిరుమలరావు కూడా వచ్చి చెప్పాడు. కేసు కట్టారు. నీకు కావలసింది అదే కదా, తీసుకో.

ఇప్పుడు నాకు మిగిలింది విను. ఆ ఆదివారం తర్వాత వాడు రాలేదు. దీపం పెట్టాం, సాంబ్రాణి వేశాం, కొబ్బరి బిస్కెట్లు పెట్టాం. రాలేదు. అమ్మ దేవుడి మూల కూర్చుని కూర్చుని నిన్న ఉన్నట్టుండి 'నా కొడుకు సచ్చిపోనాడే' అని గుండెలు బాదుకుంది. అప్పుడు మొదలుపెట్టిన ఏడుపు ఇంకా ఆగలేదు. పేటంతా వచ్చి చూసి వెళ్తోంది. ఏడవలేదు ఏడవలేదు అన్నావు కదా, ఏడుస్తోంది. వచ్చి విను.

నువ్వు వాడు పోయాడని మొదటి రోజే అనుకున్నావు. నీకు వాడు ఒకసారే పోయాడు. నా దగ్గరికి వచ్చి, నా చేతి అన్నం తిని, పెద్దక్కా అని పిలిచి, నాకు రెండోసారి పోయాడు. ఇందులో నీ తప్పు ఉందని అనను. కానీ నీ మీద కోపం మాత్రం పోవటం లేదు.

సూర్యకళ

*

కూర్మన్నపాలెం,
సెప్టెంబరు 6.

అక్కా,

కోపం ఉంచుకో. నా మీద కోపం ఉన్నన్నాళ్ళూ నువ్వు నాకు రాస్తూనే ఉంటావు.

శనివారం బడి అవగానే వస్తాను. పిల్లల్ని నాతో పంపిస్తానంటే తీసుకొస్తాను, అందరూ అక్కడే ఉంటామంటే నేనే రెండు రోజులు ఉంటాను. మా అత్తగారు కూడా వస్తానంటోంది. మీ అమ్మ ఒక్కతే ఏడవకూడదు, పక్కన ఇంకో ముసలిది ఉండాలి అంది. నరసింహమూర్తిగారి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కేసు కట్టారని చదివినప్పుడు నా గుండె మంట చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. నిన్న క్లాసులో గాలి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు నన్నే చూస్తున్నారు. బస్సు కిటికీలోంచి వాడు నాకు ఇచ్చింది వాడి ఇయర్‌ఫోన్లు అక్కా. ఒకటే పలుకుతుంది, రెండోది ఎప్పుడో పోయింది. 'ఏడుపొస్తే పాటలెట్టుకో సిన్నక్కా, బస్సులో పరువు తియ్యకు' అన్నాడు. అడుగుదామని వచ్చి అడగనే లేదు. ఇప్పుడది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, అందుకే నీకు రాస్తున్నాను.

చచ్చినవాళ్ళు రారని నేను ఇప్పటికీ అంటాను. నీ ముందూ అంటాను, అమ్మ ముందూ అంటాను. అయినా, ఏ పూటైనా వాడు మళ్ళీ వస్తే నాకు వెంటనే కబురు పెట్టు. నంబరు బ్లాక్ తీసి ఫోన్ చెయ్యి, ఏ టైమైనా సరే. నమ్మి అడగటం లేదు. వాసనొస్తోందని తెలిసి కూడా ఆ వెధవ దిగాడు. నేను వాణ్ణి తిట్టడం ఇంకా పూర్తి కాలేదు.

దుర్గ